వేల ఫైళ్ల ఫోల్డర్‌కు ఏ ఫైల్ మేనేజర్?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇవాళ ఏ ఊళ్లో ఏ వేడుక జరిగినా కెమెరా లేకుండా జరగదు. కురవి వీరభద్రస్వామి జాతర, తండాల్లో తీజ్ పండుగ, పాలకుర్తి గుట్ట మీద శివరాత్రి, 2025 మే నెలలో కాళేశ్వరం దగ్గర పన్నెండు రోజులు సాగిన సరస్వతీ పుష్కరాలు, ఇక పెళ్లిళ్లు సరేసరి. అన్నిటి ఫొటోలూ వీడియోలూ మెమరీ కార్డుల నుంచి హార్డ్ డిస్కుల్లోకి చేరుతూనే ఉన్నాయి. వీటికి తోడు ఈ నేల సొంత కళల రికార్డింగులు ఉన్నాయి. ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్యది లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం. ఆయన 2017లో కన్నుమూశారు. ఆయన కథ చెప్పే తీరు ఇక రికార్డుల్లో చూడవలసిందే. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యది కూడా జనగామ జిల్లాయే. ఇలాంటి కళాకారుల ప్రదర్శనలు ఎవరు రికార్డు చేసినా అవి చివరకు చేరేది ఏదో ఒక స్టూడియోలోనో, కళాశాలలోనో, అభిమాని ఇంట్లోనో ఉన్న ఒక డిస్కులోకి. ఆ డిస్కును తెరిచి చూపించే ప్రోగ్రామ్ పేరు ఫైల్ మేనేజర్. లినక్స్ కంప్యూటర్‌లో పెద్ద ఫొటో, వీడియో సేకరణల కోసం దాన్ని ఎలా ఎంచుకోవాలన్నదే ఈనాటి ప్రసంగం.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే మదర్‌బోర్డులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొంత కొత్తదై ఉండాలి. బాగా పనిచేస్తున్నా ఈ షరతులకు సరితూగని కంప్యూటర్లు చిన్న పట్టణాల స్టూడియోల్లో, పాఠశాలల్లో ఎన్నో ఉంటాయి. వాటిని పక్కన పడేయకుండా విండోస్ స్థానంలో లినక్స్ వేసుకోవడం తెలివైన పని. ఖర్చు లేదు, భద్రతా అప్‌డేట్లు వస్తాయి, తెలుగు చక్కగా కనిపిస్తుంది. జనగామ జిల్లా బమ్మెర వాడని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునే పోతన పేరు మీద వెలువడిన పోతన 2000 ఫాంటు కూడా లినక్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయితే కొత్తగా మారినవాళ్లకు మొట్టమొదట ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. ఇరవై వేల ఫొటోలున్న ఫోల్డర్ మీద క్లిక్ చేస్తారు. కిటికీ తెల్లగా తెరుచుకుంటుంది, ఫ్యాన్ మోత పెరుగుతుంది, బొమ్మలు రావు, స్క్రోల్ చేస్తే కదలదు. లినక్స్ ఇంతే, స్లో అని తేల్చేస్తారు. ఆ తీర్పు తప్పు. ఫైల్ మేనేజర్ వేగం దాని పేరులో లేదు. ఒక్కో ఫైల్ కోసం అది డిస్కు దగ్గరికి ఎన్నిసార్లు పోతుంది, మనకు కనిపించని ఫైళ్ల జోలికి పోతుందా పోదా అన్న దాంట్లో ఉంది. అందుకని ఎంపిక కూడా ఆ ప్రశ్నతోనే మొదలవ్వాలి. ఇదీ నా వాదన.

ముందుగా ఫోల్డర్ తెరిచినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పని నాలుగు మెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టులో ఫైల్ మేనేజర్ ఫోల్డర్‌లో ఉన్న పేర్ల జాబితా అడుగుతుంది. లినక్స్ ఒక్కో విడతలో వందల పేర్లు ఇచ్చేస్తుంది, కాబట్టి ఇది చిటికెలో అయిపోతుంది. రెండో మెట్టులో ఒక్కో ఫైల్ సైజు ఎంత, ఏ తేదీన మారింది అని విడివిడిగా అడుగుతుంది. ఇక్కడి నుంచి లెక్క మారుతుంది, ఎందుకంటే ఇరవై వేల ఫైళ్లుంటే ఇరవై వేలసార్లు అడగాలి. మూడో మెట్టులో అది ఫొటోనా, పాటనా, వీడియోనా అని తేల్చుకోవాలి. పేరు చివరి జేపీజీ, ఎంపీ4 చూసి తేల్చుకుంటే సులువు. పేరు మీద నమ్మకం లేక ఫైల్ తెరిచి మొదటి కొన్ని బైట్లు చదివితే మళ్లీ డిస్కు దగ్గరికి పోవలసిందే. నాలుగో మెట్టు థంబ్‌నెయిల్, అంటే ఐకాన్ స్థానంలో కనిపించే చిన్న బొమ్మ. దానికోసం ఫైల్‌ను చదివి, విప్పి, కుదించి, మళ్లీ భద్రపరచాలి. విందుకు వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం నిమిషాల పని, ఒక్కొక్కరిని కూర్చోబెట్టి బొమ్మ గీయడం రోజుల పని. మొదటి మెట్టుకూ నాలుగో మెట్టుకూ ఉన్న తేడా అంత.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. బయట తగిలించుకునే పోర్టబుల్ హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు పైచిలుకు. కావలసిన చోటు రీడింగ్ హెడ్ కిందికి వచ్చేసరికి సగటున అర చుట్టు, అంటే అయిదున్నర మిల్లీసెకన్లు పోతాయి. హెడ్ పక్కకు జరగడానికి మరో పది వేసుకుంటే, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోయి చదవడానికి సుమారు 15 మిల్లీసెకన్లు. ఇరవై వేల ఫైళ్లకు ఒక్కొక్కసారి పోయినా 300 సెకన్లు, అయిదు నిమిషాలు. ఫైళ్లన్నీ అంత చెదిరి ఉండవు కనుక నిజానికి తక్కువే పట్టవచ్చు. కానీ ఎక్కడ కాలం పోతుందో ఈ లెక్క చెబుతుంది. అదే తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అయితే ఒక్కోసారి చదవడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు, అంతా కలిపి రెండు సెకన్లు. ఇక థంబ్‌నెయిల్ సంగతి. 24 మెగాపిక్సెల్ ఫొటోను పూర్తిగా విప్పితే పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున మెమరీలో 72 మెగాబైట్లవుతుంది. అంతా చేసి చివరకు చూపించేది 256 పిక్సెళ్ల బొమ్మ. జేపీజీని సగంలోనే కుదిస్తూ విప్పే ఉపాయాలున్నాయి గానీ, వీడియోలకు అంత సులువు లేదు. ఈ పని తెర మీదున్న నలభై ఫైళ్లకు చేస్తే కళ్లు మూసి తెరిచేలోగా అవుతుంది. ఇరవై వేలకూ చేస్తే పాత కంప్యూటర్ కూలబడుతుంది.

ఒకసారి తయారైన థంబ్‌నెయిల్‌ను లినక్స్ పారేయదు. డెస్క్‌టాప్‌లన్నీ కలిసి ఒప్పుకున్న పద్ధతి ప్రకారం, వాడుకరి హోమ్ ఫోల్డర్‌లో కనిపించకుండా దాగి ఉండే క్యాష్ ఫోల్డర్‌లో 128, 256, 512, 1024 పిక్సెళ్ల సైజుల్లో దాస్తుంది. ఒక ఫైల్ మేనేజర్ చేసిన బొమ్మను మరొకటి వాడుకోవచ్చు. అందువల్ల రెండోసారి తెరిచినప్పుడు అదే ఫోల్డర్ గబగబా వస్తుంది. అయితే స్టూడియో నడిపేవాళ్లు తెలుసుకోవలసిన మెలిక ఒకటుంది. ఆ బొమ్మకు గుర్తు ఫైల్ పూర్తి చిరునామా నుంచి తయారవుతుంది. డిస్కు పేరు మార్చినా, ఫోల్డర్‌ను వేరేచోటికి జరిపినా చిరునామా మారిపోతుంది. అదే డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ బొమ్మలు అక్కడ ఉండనే ఉండవు. రెండు సందర్భాల్లోనూ పనంతా మళ్లీ మొదటి నుంచి. ఒక్కో బొమ్మ 80 కిలోబైట్లనుకున్నా ఇరవై వేల బొమ్మలకు 1.6 గిగాబైట్లు. చిన్న ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో అది తక్కువేం కాదు. కాబట్టి బయటి డిస్కులకు ఒకసారి స్పష్టమైన పేరు పెట్టి, ఆ పేరును మార్చకుండా ఉంచడం వేగానికి మొదటి సూత్రం. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఒక్కో ఫైల్ మేనేజర్‌నూ ఇదే గీటురాయి మీద చూద్దాం. ఉబుంటు అనే లినక్స్ పంపిణీలో మామూలుగా వచ్చేది నాటిలస్, ఇప్పుడు దాన్ని ఫైల్స్ అని పిలుస్తున్నారు. 2001లో తొలి వెర్షన్ వచ్చిన పాత ప్రోగ్రామ్. 2022లో గ్నోమ్ డెస్క్‌టాప్ 43వ వెర్షన్‌తో జీటీకే 4 అనే కొత్త పునాది మీదికి మారింది. తెరకు అవసరమైన గడులనే తయారుచేసి, స్క్రోల్ చేసేకొద్దీ వాటినే మళ్లీ మళ్లీ వాడుకునే ఏర్పాటు అందులో ఉంది. థంబ్‌నెయిల్స్ అన్ని చోట్లా చూపాలా, ఈ కంప్యూటర్‌లోని ఫైళ్లకే చూపాలా, అసలు వద్దా అని చెప్పుకునే వీలుంది, సైజు హద్దు కూడా ఉంది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కొత్తవాళ్లకు తికమక లేదు. అయితే దీని వెనుక గ్నోమ్ డెస్క్‌టాప్ మొత్తం నడుస్తుంటుంది. వెతకడం సులువు కావడానికి పిక్చర్స్, వీడియోస్ వంటి ఫోల్డర్లను చదివి సూచీ తయారుచేసే సేవ కూడా వెనుక పనిచేస్తుంటుంది. కొత్తగా వేల ఫొటోలు పోసిన రోజున పాత హార్డ్ డిస్కు మీద ఆ భారం తెలుస్తుంది. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌కు నాటిలస్‌తో ఇబ్బంది లేదు. నాలుగు జీబీ ర్యామ్‌తో నెట్టుకొచ్చే కంప్యూటర్‌కు అది తగదు.

కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ వాళ్ల డాల్ఫిన్ 2008లో కేడీఈ 4తో మామూలు ఫైల్ మేనేజర్ అయింది. 2012లో దాని చూపు భాగాన్ని పూర్తిగా తిరగరాశారు, వేగం పెంచడం ఆ శ్రమకు ఒక ముఖ్య కారణం. డాల్ఫిన్ తెర మీద కనిపిస్తున్న ఫైళ్ల పని ముందు చూసి, మిగతావాటి సంగతి ఆ తర్వాత చూసుకుంటుంది. పెద్ద సేకరణకు కావలసిన గుణం ఇదే. పైగా ఏ రకం ఫైళ్లకు థంబ్‌నెయిల్ కావాలో ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకోవచ్చు. ఫొటోలకు ఉంచి వీడియోలకు తీసేయడం ఒక్క నిమిషం పని. ఎఫ్3 నొక్కితే కిటికీ రెండుగా చీలుతుంది, ఎడమవైపు మెమరీ కార్డు, కుడివైపు డిస్కు పెట్టుకుని పని చేసుకోవచ్చు. ఫిల్టర్ పట్టీ తెరిచి పేరులో నాలుగు అక్షరాలు కొడితే మిగతా ఫైళ్లు చూపు నుంచి తప్పుకుంటాయి. దీని సూచీ సేవ పేరు బాలూ. పాత యంత్రంలో దాన్ని ఆపేసినా ఫైల్ మేనేజర్ మామూలుగానే నడుస్తుంది. రోజంతా ఫైళ్లతోనే గడిపే స్టూడియో ఎడిటర్‌కు, యంత్రం ఓపిక పడితే, డాల్ఫిన్‌ను మించినది లేదు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే థునార్‌ది వేరే బాట. 2007లో ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.4తో జనంలోకి వచ్చింది. థంబ్‌నెయిల్ పని అది సొంతంగా చేయదు, టంబ్లర్ అనే విడి సేవకు అప్పగిస్తుంది. దీనివల్ల గొప్ప సౌలభ్యం ఉంది. కార్డు పాడై సగమే కాపీ అయిన వీడియో ఫైల్ ఎదురైనప్పుడు టంబ్లర్ తడబడినా, థునార్ కిటికీ నిలబడే ఉంటుంది. ఇన్ని మెగాబైట్లు దాటిన ఫైల్‌కు థంబ్‌నెయిల్ వద్దని చెప్పవచ్చు. 2022 డిసెంబర్‌లో వచ్చిన 4.18 వెర్షన్‌తో రెండు కిటికీల చూపు, లోపలి ఫోల్డర్లలో వెతకడం, చేసిన పనిని వెనక్కి తీసుకోవడం చేరాయి. అంతవరకూ థునార్‌ను కాదనడానికి చెప్పిన కారణాలు చాలావరకు తీరిపోయాయి. దీనికంటే తేలికైనది పీసీమ్యాన్ఎఫ్ఎం, ఉబుంటు తేలికపాటి రూపమైన లుబుంటులో దాని క్యూటీ రూపం వస్తుంది. ఇది క్షణంలో తెరుచుకుంటుంది. కానీ ఆ వేగంలో కొంత భాగం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలి. కొన్ని మెగాబైట్లు దాటిన ఫొటోకు అది మొదట్లో థంబ్‌నెయిల్ చేయనే చేయదు. ఇవాళ్టి కెమెరా ఫొటోలు ఆ హద్దును సులువుగా దాటుతాయి. సెట్టింగుల్లో హద్దు పెంచితే బొమ్మలు వస్తాయి, దాంతోపాటు భారమూ వస్తుంది. తక్కువ పని చేసే ప్రోగ్రామ్ తొందరగా పని ముగిస్తుందన్న నా మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. లినక్స్ మింట్ ప్రధాన రూపంలో వచ్చే నీమో, నాటిలస్ నుంచి 2012లో చీలి వచ్చినది. సౌకర్యాల్లో డాల్ఫిన్‌కు, తీరులో నాటిలస్‌కు దగ్గర.

ఇన్ని చెప్పే బదులు అన్నిటికంటే ఫాస్ట్ ఏదో ఒక్క పేరు చెప్పమని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒకరి యంత్రంలో గెలిచినది ఇంకొకరి యంత్రంలో ఓడిపోవడానికి కారణాలున్నాయి. డిస్కు విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఉంటే, పాత లినక్స్‌లు దాన్ని లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్ బయట నడిచే ఎన్‌టీఎఫ్ఎస్-3జీ ద్వారా చదివేవి. అక్కడ ప్రతి ప్రశ్నా ఒక మెట్టు అదనంగా ఎక్కి దిగాలి. 2021లో వచ్చిన 5.15 కెర్నెల్‌లో కొత్త డ్రైవర్ చేరింది, కానీ అన్ని పంపిణీలూ దాన్నే వాడుతున్నాయని చెప్పలేం. అదే ఫోల్డర్ లినక్స్ సొంతమైన ఈఎక్స్‌టీ4 డిస్కు మీదుంటే ఫలితం మారుతుంది. అందుకని పరీక్ష మీ యంత్రంలో, మీ డిస్కుతోనే జరగాలి. పద్ధతి కష్టమేమీ కాదు. మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద ఫోల్డర్ తీసుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి ఒక ఫైల్ మేనేజర్‌తో తెరవండి. రీస్టార్ట్ తప్పనిసరి, ఎందుకంటే ఒకసారి చదివినదాన్ని లినక్స్ మెమరీలో ఉంచుకుంటుంది, రెండోసారి ఏదైనా ఫాస్ట్‌గానే కనిపిస్తుంది. థంబ్‌నెయిల్ క్యాష్‌ను కూడా ప్రతిసారీ ఖాళీ చేయాలి, లేకపోతే మొదటి ప్రోగ్రామ్ పడిన శ్రమ రెండోదానికి కలిసొస్తుంది. గడియారం చూసుకుని నాలుగు సంగతులు రాసుకోండి. పేర్లు ఎప్పుడు కనిపించాయి, ఎండ్ మీట నొక్కితే చివరికి ఎప్పుడు చేరింది, అక్కడి బొమ్మలు ఎప్పుడు వచ్చాయి, తేదీ వరుసలో పెట్టమంటే ఎంతసేపు పట్టింది. ఈ ప్రోగ్రామ్‌లన్నీ ఉచితం, పక్కపక్కనే వేసుకుని పోల్చవచ్చు. ఒక సాయంత్రం చాలు.

ఇక అభ్యంతరాల దగ్గరికి వద్దాం. ఇరవై వేల ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో వేయడమే తప్పు, విడగొట్టుకుంటే ఏ ఫైల్ మేనేజర్ అయినా సరిపోతుంది కదా అంటారు కొందరు. మొదటి సగం నిజం. సంవత్సరం, ఊరు, వేడుక ప్రకారం విడగొట్టాలి, ఫోల్డర్‌కు వెయ్యి, రెండు వేలకు మించకూడదు. కానీ ఆ విడగొట్టే పని చేయవలసిందీ ఫైల్ మేనేజర్‌తోనే. పాత సేకరణ ఎవరిదైనా చేతికొచ్చినప్పుడు అది సర్ది రాదు, గుట్టగానే వస్తుంది. ఆ గుట్టను తెరవలేని ప్రోగ్రామ్ దాన్ని సర్దడానికి ఏం సాయపడుతుంది? ఇంకొందరు ఎస్ఎస్‌డీ కొంటే సమస్య ఉండదంటారు. ఇందాకటి లెక్క వాళ్ల పక్షానే ఉంది. పాత కంప్యూటర్‌కు చేయగల అత్యుత్తమ మరమ్మతు ఎస్ఎస్‌డీయే. కానీ టెరాబైట్ల కొద్దీ పాత వీడియోలు పెట్టుకునేది ఇప్పటికీ తిరిగే హార్డ్ డిస్కులోనే, ఎందుకంటే అంత ఎస్ఎస్‌డీ కొనే స్థోమత చిన్న స్టూడియోకు ఉండదు. నడుస్తున్న పని ఎస్ఎస్‌డీ మీద, ముగిసిన పని హార్డ్ డిస్కు మీద ఉంటుంది. ముగిసినదాన్ని మళ్లీ తెరిచే రోజునే ఫైల్ మేనేజర్ ఓపిక బయటపడుతుంది.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ వాడితే ఈ గొడవే లేదనేది మూడో అభ్యంతరం. నిజమే, పేర్ల జాబితా చూడ్డానికి, కాపీ చేయడానికి టెర్మినల్‌ను మించిన వేగం లేదు. సగంలో ఆగిన కాపీని ఆగిన చోటి నుంచి కొనసాగించే ఆర్‌సింక్ నేర్చుకోదగ్గదే. కానీ ఫొటోల పని కళ్లతో చేసేది. ముగ్గురు ఒకే రంగు చీరల్లో ఉన్న ఫొటోల్లోంచి పెళ్లికూతురు మేనత్త ఉన్నదాన్ని పట్టుకోవాలంటే పేరు చాలదు, చూడాలి. అలాంటప్పుడు ఫొటోల కోసమే ఉన్న డిజిక్యామ్, జీథంబ్ లాంటివి వాడవచ్చు కదా అన్నది నాలుగో ప్రశ్న. వాడాలి, తప్పకుండా. ముఖాలను, తేదీలను, గుర్తులను డేటాబేస్‌లో పెట్టుకుని డిజిక్యామ్ చేసే పని ఫైల్ మేనేజర్ చేయలేదు. అయితే ఒగ్గు కథ సేకరణలో ఫొటోలే ఉండవు. వీడియో, ఆడియో, పాత పత్రికల స్కాన్లు, కరపత్రం పీడీఎఫ్ అన్నీ కలగలిసి ఉంటాయి. వాటన్నిటినీ ఒకే చోట చూపేది ఫైల్ మేనేజరే. పైగా డేటాబేస్ పోయినా ఫోల్డర్లు, పేర్లు మిగలాలి. కాబట్టి ముందు ఫైల్ మేనేజర్‌తో సర్దుకుని, ఆ పైన ఫొటో ప్రోగ్రామ్‌తో వెతుక్కోవడం సరైన వరుస.

పేర్ల మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు వేగం అక్కడే ఉంది. డిస్కు అన్నిటికంటే తొందరగా ఇచ్చేది పేరు అని చెప్పుకున్నాం. అందుకని మనకు తెలిసిన విషయాన్ని పేరులోనే పెట్టుకుంటే, థంబ్‌నెయిల్స్ ఆపేసి జాబితా చూపులో పెట్టుకున్నా పని ఆగదు. రాత్రంతా సాగే ప్రదర్శనను తీసుకోండి. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 10.8 గిగాబైట్లు, ఆరు గంటలకు 65 గిగాబైట్ల దాకా అవుతుంది. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉన్న కార్డులో ఒక ఫైల్ 4 గిగాబైట్లు దాటకూడదు కనుక కెమెరా దాన్ని తెంపి సుమారు పదహారు ముక్కలు చేస్తుంది. కొన్ని కెమెరాలు వాటికి పెట్టే పేర్లు అయిదు అంకెలు, అంతే. మరుసటి వారం ఇంకో ప్రదర్శనకూ అవే అంకెలు రావచ్చు. రెండూ ఒకే ఫోల్డర్‌లో పడితే పాతదాని మీద కొత్తది రాయమంటారా అని ఫైల్ మేనేజర్ అడుగుతుంది. పరధ్యానంగా అవునంటే ఒక రాత్రి కథ పోయినట్లే. అందుకే గుంపుగా పేర్లు మార్చే సౌకర్యాన్ని వేగంలో భాగంగానే చూడాలి. థునార్‌లో దీనికి విడి కిటికీ ఉంది, ఫొటో తీసిన తేదీని పేరు ముందు చేర్చడం కూడా దానికి తెలుసు. డాల్ఫిన్‌లో ఫైళ్లన్నీ ఎంచుకుని ఎఫ్2 నొక్కితే చాలు. నాటిలస్‌లోనూ 2016 నుంచి ఉంది. సంవత్సరం, నెల, తేదీ ముందు, తర్వాత ఊరు, కళ, కళాకారుడు, వరుస సంఖ్య, ఈ క్రమంలో పేరు పెడితే జాబితా దానంతటదే కాలక్రమంలో నిలబడుతుంది.

తెలుగులో పేర్లు పెట్టవచ్చా? నిస్సందేహంగా పెట్టవచ్చు, పెట్టాలి కూడా. నేను చెప్పిన ఫైల్ మేనేజర్లన్నీ తెలుగు పేర్లను చూపుతాయి, వెతుకుతాయి. ఒక్క హద్దు గుర్తుంచుకోవాలి. ఈఎక్స్‌టీ4 డిస్కులో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు, అన్నీ విడివిడిగా మూడేసి బైట్లు. చుక్క సత్తయ్య ఒగ్గు కథ అని పేరు పెడితే ఖాళీలతో కలిపి 60 బైట్లవుతుంది. దానికి తేదీ, ఊరు, వరుస సంఖ్య చేర్చినా ఇంకా చోటుంటుంది. కానీ ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కులో బైట్లకు బదులు సంకేతాలను లెక్కపెడతారు కనుక అక్కడ ఇంకా పొడుగాటి తెలుగు పేర్లు చెల్లుతాయి. అలాంటివి లినక్స్ డిస్కులోకి కాపీ చేసేటప్పుడు పేరు మరీ పొడవుందని ఆగిపోతాయి. పేరు క్లుప్తంగా ఉంచి, వివరాలు ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌గా రాసిపెట్టడం మంచిది.

వేగం గురించి ఇంత మాట్లాడి భద్రత గురించి చెప్పకపోతే అది సగం మాటే అవుతుంది. లినక్స్‌లో కాపీ గీత నిండిపోయి మాయమైనా, డేటా మొత్తం డిస్కులో పడిందని అర్థం కాదు. కొంత మెమరీలో నిలిచి వెనుక నుంచి రాస్తూ ఉంటుంది. అప్పుడు కేబుల్ పీకితే చివరి ఫైళ్లు పాడవుతాయి. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చని చెప్పేదాకా ఆగాలి. యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకు 35 మెగాబైట్లు వస్తే ఆ 65 గిగాబైట్ల ప్రదర్శనకు అరగంట పైనే పడుతుంది. డిస్కు సహకరిస్తే యూఎస్‌బీ 3 పోర్టులో, చాలా కంప్యూటర్లలో అది నీలం రంగులో ఉంటుంది, పది నిమిషాల్లో ముగుస్తుంది. థునార్ కొత్త వెర్షన్లలో కాపీ అయిన ఫైల్‌ను అసలుతో పోల్చి సరిచూసే ఏర్పాటు కూడా ఉంది. దానివల్ల కాలం కొంత ఎక్కువ పడుతుంది. పుష్కరాల ఫొటోలకో, ఇక లేని కళాకారుడి రికార్డింగుకో ఆ కాలం పెట్టడం న్యాయం. అవసరం లేని థంబ్‌నెయిల్స్ దగ్గర ఆదా చేసిన నిమిషాలను ఇక్కడ ఖర్చు పెట్టండి.

నా తీర్పు ఇది. నాలుగు జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు ఉన్న పాత కంప్యూటర్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకుని థునార్ వాడండి. దానికీ ఓపిక లేని యంత్రానికి లుబుంటు, పీసీమ్యాన్ఎఫ్ఎం క్యూటీ. ఎనిమిది జీబీ, ఎస్ఎస్‌డీ ఉండి రోజంతా ఫొటోలు, వీడియోలతో పనిచేసే స్టూడియోకు డాల్ఫిన్. ఉబుంటుకు అలవాటు పడి, యంత్రం బాగున్నవాళ్లు నాటిలస్‌ను మార్చనక్కర్లేదు. ఏది వాడినా మూడు నియమాలు మరవకండి. బయటి డిస్కుల్లో వీడియో థంబ్‌నెయిల్స్ ఆపేయండి, పెద్ద ఫోల్డర్లను జాబితా చూపులో తెరవండి, పేర్లలో తేదీ, ఊరు, మనిషి ఉండేలా చూడండి. మీ ఇంట్లోనో, మీ స్టూడియోలోనో ఒగ్గు కథ, చిందు, లంబాడీ పాట, జాతర రికార్డింగు ఏది ఉన్నా ఈ ఆదివారం ఆ డిస్కు తెరవండి, పేర్లు సరిచేయండి, రెండో డిస్కులోకి ఇంకో కాపీ తీసి వేరే ఇంట్లో పెట్టండి.